ఆన్‌వైలర్ నుంచి బిర్క్‌వైలర్ దాకా: అడవి దారిలో అయిదు కోటలు

జర్మనీలో కారు లేనివాళ్ళకి కొండమీది కోటలు చూడ్డం కుదరదని మనవాళ్ళు చాలామంది అనుకుంటారు. నేనైతే కారు లేకుండా చూడ్డమే మేలంటాను. కారులో వెళ్తే కోట కింద పార్కింగ్‌లో ఆపి, పావుగంట ఎక్కి, నాలుగు ఫొటోలు తీసుకుని, మళ్ళీ ఆ కారు దగ్గరికే దిగాలి. ఇంకో కోటకి మళ్ళీ కారెక్కాలి. రైల్లో వెళ్తే ఒక స్టేషన్లో దిగి, కొండలన్నీ దాటుకుంటూ పోయి ఇంకో స్టేషన్లో రైలెక్కొచ్చు. ఎక్కిన కొండని ఎక్కిన వైపే దిగక్కర్లేదు. పైగా ఒక కోట మీంచి రెండో కోట కనిపిస్తుంది, నడిచి దాని దగ్గరికి చేరేసరికి మొదటిది వెనక కొండమీద ఉంటుంది. ఏ కోట ఎక్కడ ఎందుకు కట్టారో అప్పుడు కాళ్ళకే తెలుస్తుంది. మొన్న అక్టోబర్లో ఒక ఆదివారం ఆన్‌వైలర్ స్టేషన్ నుంచి జీబెల్డింగెన్-బిర్క్‌వైలర్ స్టేషన్ దాకా నడిచిన నడక గురించి రాస్తున్నాను. దూరం సుమారు 20 కిలోమీటర్లు, దారిలో అయిదు కోటలు.

ఈ ప్రాంతం పేరు ఫాల్జ్. జర్మనీకి నైరుతి మూల, ఫ్రాన్స్ సరిహద్దుకి ఆనుకుని ఉంటుంది. ఇక్కడి ఫెల్జర్‌వాల్డ్ అడవి దాదాపు 1,800 చదరపు కిలోమీటర్లు. యునెస్కో దీన్ని 1992లో జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. 1998లో సరిహద్దుకి అవతల ఉన్న ఫ్రాన్స్ వైపు అడవిని కూడా కలిపి రెండు దేశాల ఉమ్మడి ప్రాంతం చేశారు. కొండలు మరీ ఎత్తైనవి కావు, కానీ ప్రతి కొండ నెత్తిన ఎర్రటి ఇసుకరాయి గోడలా నిటారుగా లేచి ఉంటుంది. దాని పక్కనున్న మెత్తని పొరలు వానకీ మంచుకీ అరిగిపోయి, గట్టి పొర మాత్రం నిలబడిపోయింది. ఈ రాయికి వయసు సుమారు 25 కోట్ల ఏళ్ళు. కోట కట్టాలనుకున్నవాడికి సగం గోడ ప్రకృతే కట్టి ఇచ్చినట్టు.

మేం ఉండేది మాన్‌హైమ్‌లో. అక్కడినుంచి నోయ్‌స్టాట్ దాకా ఒక రైలు, నోయ్‌స్టాట్ నుంచి లాండౌకి ఇంకోటి, లాండౌలో ఆన్‌వైలర్ వైపు వెళ్ళే చిన్న డీజిల్ బండి. 2023 మేలో 49 యూరోలతో మొదలైన డాయిచ్‌లాండ్ టికెట్ (ఇప్పుడు ధర పెరిగింది) ఉంటే వీటన్నిటికీ అదే చాలు. నాతో వచ్చింది మా ఊరమ్మాయే, కైజర్స్‌లౌటర్న్‌లో ఎమ్మెస్ చదువుతోంది, చెల్లెలి వరస. నోయ్‌స్టాట్‌లో నాతో కలిసింది. లాండౌ దాటాక రైలు క్వైష్ అనే చిన్న ఏటి వెంట సాగుతుంది. 1874లో వేసిన ఈ లైను మీద కిటికీ పక్కన కూర్చుంటే రెండు పక్కలా ద్రాక్షతోటలు కనిపిస్తాయి. ఓ పది నిమిషాలకి ఆ తోటలు అయిపోయి కొండలు దగ్గరికొస్తాయి, ఉన్నట్టుండి అడవి మొదలవుతుంది. ఎడమ చేతి వైపు చూస్తే మూడు శిఖరాలు వరసగా, వాటి మీద మూడు కోటలు. ఆన్‌వైలర్ వచ్చేసిందని వాటిని చూసే తెలుసుకోవచ్చు.

ఊరు చిన్నది. ఏటి పాయ ఇళ్ళ మధ్యనుంచి పారుతుంది, దానిమీద చెక్క నీటిచక్రం ఇప్పటికీ ఉంది. ఒకప్పుడు తోళ్ళు పదును చేసేవాళ్ళ ఇళ్ళు ఈ పాయ ఒడ్డునే ఉండేవి. చూరు కింద తోళ్ళు ఆరబెట్టుకునే ఎత్తైన వసారాలున్న ఇళ్ళు కొన్ని మిగిలాయి. 1219లో రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తి ఈ ఊరికి నగర హోదా, దాంతోపాటు సొంత నాణేలు ముద్రించుకునే హక్కు ఇచ్చాడు. అడవిలో ఇంత మారుమూల ఊరికి టంకశాల ఎందుకని అడిగితే జవాబు పైనున్న కొండమీదే ఉంది.

ఊరి చివర ఇళ్ళు దాటగానే ఎక్కుడు మొదలవుతుంది. స్టేషన్ నుంచి ట్రిఫెల్స్ కోట దాకా సుమారు 300 మీటర్ల ఎత్తు ఎక్కాలి. దారి చక్కగా వంపులు తిరుగుతూ పోతుంది, ఎక్కడా చేతులు వేసి పాకాల్సిన పని లేదు. అడుగడుక్కీ చెట్లకి రంగు గుర్తులు ఉంటాయి. ఫెల్జర్‌వాల్డ్ సంఘం అని 1902లో పెట్టిన సంస్థ ఒకటుంది. గుర్తులు వేసేదీ, అడవిలో భోజన గుడిసెలు నడిపేదీ ఎక్కువగా ఆ సంఘంలోని స్వచ్ఛంద కార్యకర్తలే. ఇవాళ ఎవరో తాతగారు బ్రష్షూ డబ్బా పట్టుకుని వచ్చి గుర్తు వేస్తేనే మనలాంటి పరాయి దేశంవాళ్ళం దారి తప్పకుండా నడవగలుగుతున్నాం. ఫోన్లో మ్యాప్ ఉంది కానీ, లోయల్లో సిగ్నల్ పోతుంటే మాకు అక్కరకొచ్చింది ఆ రంగు గుర్తులే.

అక్టోబర్ కాబట్టి దారంతా చెస్ట్‌నట్ కాయలు. ముళ్ళ డొప్ప నాలుగుగా విచ్చుకుని లోపల నిగనిగలాడే గోధుమరంగు గింజలు రెండో మూడో ఉంటాయి. బూటు మడమతో డొప్పని ఒక పక్కకి నొక్కిపెట్టి, రెండో బూటుతో మెల్లిగా విప్పితే గింజ బయటికొస్తుంది. వేళ్ళతో తీయబోతే ముల్లు గోరు కిందికే దిగుతుంది. ఎదురుగా వస్తున్న ఒక పెద్దావిడ ఆగి, మా చెల్లెలికి ఈ పద్ధతి చూపించింది. ఏరినవాటిలో చిన్న రంధ్రం ఉన్నవి పారేయమంది, లోపల పురుగు ఉంటుందట. ఈ చెట్లని ఇక్కడికి తెచ్చింది రోమన్లంటారు. కొండ అంచు వెంబడి ఎండ తగిలే చోటంతా ఇవే.

ట్రిఫెల్స్ 494 మీటర్ల ఎత్తులో ఉంటుంది. దీని పేరు 1081 నుంచే రాతల్లో కనిపిస్తుంది. 12, 13 శతాబ్దాల్లో పవిత్ర రోమన్ చక్రవర్తుల (పేరుకి రోమన్ అయినా ఏలింది ఎక్కువగా జర్మనీ ప్రాంతాన్నే) కిరీటం, రాజదండం, గోళం వంటి రాజచిహ్నాలు చాలాకాలం ఈ కోటలోనే భద్రపరిచారు. అవి ఎవరి దగ్గర ఉంటే వాళ్ళే చక్రవర్తి అనే నమ్మకం బలంగా ఉన్న రోజులు. అసలువి ఇప్పుడు వియన్నాలో ఉన్నాయి, ఇక్కడ వాటి నకళ్ళు చూపిస్తారు. కానీ జనం ఎక్కువగా చెప్పుకునేది ఇంగ్లండ్ రాజు రిచర్డ్ కథ, సింహహృదయుడని బిరుదున్నవాడు. క్రూసేడ్ ముగించుకుని తిరిగొస్తుంటే 1192 డిసెంబర్లో వియన్నా దగ్గర ఆస్ట్రియా డ్యూక్ లియోపోల్డ్ పట్టుకున్నాడు. మరుసటి ఏడాది చక్రవర్తి ఆరవ హెన్రీకి అప్పగించాడు. 1193 వసంతంలో కొన్ని వారాలపాటు రిచర్డ్‌ని ఉంచింది ఈ కొండమీదే.

"రాజుని బంధించి డబ్బులడిగారా అక్కా? అదీ వాళ్ళ మతం కోసం యుద్ధం చేసి వస్తుంటే?" అంది మా చెల్లెలు.

"అవునమ్మా, అప్పటి తూకంలో లక్షన్నర మార్కుల వెండి. అందులో లక్ష ముట్టాకే వదిలారు" అన్నాను. 1194 ఫిబ్రవరిలో రిచర్డ్ విడుదలయ్యాడు. ఆ వెండితోనే హెన్రీ సైన్యాన్ని సమకూర్చుకుని అదే ఏడాది సిసిలీ మీదికి వెళ్ళాడు. గెలిచి, అక్కడి ఖజానాని ఈ ట్రిఫెల్స్‌కే తెచ్చాడు. ఇంగ్లండ్ జనం పన్నులుగా కట్టిన వెండి, సిసిలీ రాజుల బంగారం రెండిటి కథా ఈ ఒక్క బండ చుట్టూనే తిరిగింది. అది తెలిశాక కింది ఊరికి టంకశాల ఎందుకు ఇచ్చారో అడగక్కర్లేదు.

కానీ ట్రిఫెల్స్ నాకు పూర్తిగా నచ్చలేదని చెప్పాలి. 1602లో పిడుగు పడి కాలిపోయింది, తర్వాత చుట్టుపక్కలవాళ్ళు రాళ్ళు పట్టుకుపోయారు. ఇప్పుడు మనకి కనిపించే పెద్ద భవనం 1938లో, నాజీల కాలంలో, రుడాల్ఫ్ ఎస్టరర్ అనే వాస్తుశిల్పి మొదలుపెట్టి కట్టించింది. ఆనాటి పాలకులకి కావాల్సింది పాత కోట కాదు, తమ రాజ్యానికి గొప్పలు చెప్పుకునే ఒక మందిరం. అందుకే లోపలి పెద్ద హాలు, దాని మెట్లు ఎప్పుడూ లేని వైభవాన్ని చూపిస్తాయి. పాత బురుజు, బయటికి పొడుచుకొచ్చిన ప్రార్థనా మందిరపు గూడు మాత్రం అసలైనవి. బయట నిలబడి గోడని జాగ్రత్తగా చూస్తే ఎక్కడిదాకా పాత రాయి, ఎక్కడినుంచి కొత్తదో కొంతవరకు పట్టుకోవచ్చు. టికెట్ కొని లోపలికి వెళ్ళడం దండగ అనను. రాజచిహ్నాల నకళ్ళు, పైనుంచి కనిపించే కొండల వరసలు చూడదగ్గవే. కానీ అక్కడే రోజంతా గడిపి వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. అసలైనవి ఇంకా ముందున్నాయి.

ట్రిఫెల్స్ దిగి అదే కొండవరస మీద దక్షిణంగా కాసేపు నడిస్తే అనెబోస్. ఇక్కడ గోడలంటూ దాదాపు ఏమీ లేవు, టికెట్ లేదు, మనుషులూ లేరు. ఓడ ముందుభాగంలా సన్నగా, నిటారుగా లేచిన ఒక్క బండ, అంతే. కానీ కోట ఎలా కట్టేవాళ్ళో నేను అర్థం చేసుకున్నది ఇక్కడే. బండ పక్కల్లో జానెడు వెడల్పున్న చదరపు గుంటలు వరసగా తొలిచి ఉంటాయి. అవి దూలాల చివర్లు దూర్చిన చోట్లు. ఒక గుంటలో చెయ్యి పెట్టి చూశాను. లోపలి అడుగు కొంచెం వాలుగా ఉంది, గోడల మీద ఉలి దెబ్బలు ఏటవాలుగా, ఒకదాని పక్కన ఒకటి, వేలితో తడిమితే లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉన్నాయి. మూలలో పోగైన వాననీళ్ళలో ఓక్ ఆకు ఒకటి తేలుతోంది. ఆ గుంటల వరసని కళ్ళతో కలుపుకుంటూ పోతే మాయమైన అంతస్తులు కనిపిస్తాయి: ఇదిగో ఇక్కడ నేల, దానిపైన ఇంకో నేల, ఇక్కడ కప్పు ఆనిన గాడి. చెక్క అంతా పోయింది, రాయి మిగిలింది. ట్రిఫెల్స్‌లో కొత్తగా కట్టిన హాలు చెప్పలేనిది ఈ ఖాళీ బండ చెప్పింది.

మా చెల్లెలు విజయవాడ పిల్ల, కొండపల్లి ఖిల్లా ఎక్కి పెరిగింది. "మన దగ్గర బండమీద గోడ కడతారు, వీళ్ళు బండనే ఇల్లు చేసేశారక్కా" అంది. నిజమే. ఇసుకరాయి కాబట్టి ఉలికి లొంగింది. మన నల్లరాతికి ఇలా గదులు తొలవాలంటే తరాలు పట్టేది.

అనెబోస్ దగ్గర చెట్ల సందుల్లోంచి ఆసెల్‌స్టైన్ అనే ఒంటరి రాతిస్తంభం కనిపిస్తుంది, దానిమీద తాళ్ళు కట్టుకుని ఎక్కేవాళ్ళు చీమల్లా ఉన్నారు. వసంతంలో వచ్చేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: పెరెగ్రిన్ డేగలు గూళ్ళు పెట్టే రాళ్ళని పిల్లలు ఎగిరేదాకా మూసేస్తారు, బోర్డు ఉంటుంది. ఎక్కేవాళ్ళే ముందుండి ఆ నిషేధాన్ని పాటిస్తారు. ఒకప్పుడు పురుగుమందుల దెబ్బకి దాదాపు కనుమరుగైన పక్షి ఈ అడవికి తిరిగొచ్చిందంటే ఆ పట్టింపు కూడా ఒక కారణం.

మూడోది షార్ఫెన్‌బెర్గ్. ఊళ్ళోవాళ్ళు దీన్ని మ్యూన్జ్ అంటారు, అంటే టంకశాల. దాదాపు 20 మీటర్ల బురుజు చెక్కుచెదరకుండా ఉంది, మిగతా కోట 1525 రైతుల తిరుగుబాటులో పోయింది. ఆ బురుజు రాళ్ళు చూడండి: ప్రతి రాయికీ నాలుగంచులూ నున్నగా చెక్కి, మధ్యభాగాన్ని ఉబ్బెత్తుగా, గరుకుగా వదిలేశారు. ఎండ ఏటవాలుగా పడినప్పుడు ప్రతి రాయీ విడివిడిగా లేచి కనిపిస్తుంది. బురుజు గుమ్మం నేలమీద లేదు, చాలా ఎత్తులో ఉంది. నిచ్చెన లాగేసుకుంటే ఇక ఎవరూ లోపలికి రాలేరు. ఈ బురుజు మొదట్లో కూర్చునే మేం పులిహోర డబ్బాలు విప్పాం. ఇక్కడినుంచి వెనక్కి చూస్తే అనెబోస్, దాని వెనక ట్రిఫెల్స్ ఒకే గీత మీద ఉంటాయి. ట్రిఫెల్స్‌ని దక్షిణంనుంచి ఎవరైనా పట్టుకోవాలంటే ఈ కొండవరస మీదుగానే రావాలి. ఆ దారిలో రెండు కోటలు, వాటిలో చక్రవర్తి కొలువులో పనిచేసే సేనానుల కుటుంబాలు. మూడూ కలిపి ఒకటే కాపలా. విడివిడిగా కారులో వచ్చి చూస్తే ఇది తట్టదు. మేం ట్రిఫెల్స్ నుంచి నడిచొచ్చాం కాబట్టి, శత్రువు ఎంతసేపట్లో ఎంత దూరం రాగలడో మా కాళ్ళే కొలిచి పెట్టాయి.

షార్ఫెన్‌బెర్గ్ నుంచి మాడెన్‌బుర్గ్ దాకా నడక అన్నిటికన్నా పెద్దది, చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేనిది. లోయలోకి దిగి మళ్ళీ ఎక్కాలి. బీచ్ చెట్లు, పైన్ చెట్లు, బుట్టల్లో పుట్టగొడుగులు ఏరుకుంటున్న కుటుంబాలు. ఎదురైన ప్రతివాళ్ళూ పలకరిస్తారు, నగరంలో పక్క ఫ్లాటువాళ్ళు కూడా పలకరించని దేశంలో ఇది నాకెంతో ఇష్టమైన సంగతి. నీళ్ళు మాత్రం సరిపడా పట్టుకెళ్ళాలి. తలకి లీటరున్నర లేకపోతే ఈ ముక్కలోనే ఇబ్బంది పడతారు.

మాడెన్‌బుర్గ్ ఎష్‌బాఖ్ ఊరి పైన ఉంటుంది, ఫాల్జ్‌లోని అతి పెద్ద కోటల్లో ఒకటి. ముందు మూడూ శిఖరాన్ని అంటుకుని ఉంటే, ఇది కొండంతా పరుచుకుని ఉంటుంది. ఇదీ 1525లో రైతులు తగలబెట్టిందే. స్పైయర్ బిషప్పులు మళ్ళీ కట్టించుకున్నారు, ఆ శతాబ్దం చివర్లో రెండు అందమైన మెట్ల బురుజులు లేపారు. తర్వాతి వందేళ్ళలోనే ఫ్రెంచ్ సైన్యం కోటని పాడుచేసింది. ఫిరంగుల కాలానికి తగ్గట్టు కట్టిన మందమైన ముందుగోడ చూస్తే, యుద్ధం మారిపోయిందని తెలిసి కూడా కొండమీదే ఉండాలని పట్టుబట్టిన మనుషులు కళ్ళముందుకొస్తారు. మెట్ల బురుజు గుమ్మం చుట్టూ చెక్కిన నగిషీ ఇంకా పదునుగా ఉంది, దానిలోంచి వెళ్తే పైన కప్పు లేదు, ఆకాశమే.

ఇక్కడ భోజనశాల ఉంది. మాంసం తినని వాళ్ళకి ఫాల్జ్‌లో దొరికే మంచి తిండి వైస్సర్ కేజ. గడ్డపెరుగు లాంటి మెత్తని తెల్ల జున్నులో సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఉల్లికాడలు కలిపి, ఉడకబెట్టిన బంగాళాదుంపలతోనో రొట్టెతోనో పెడతారు. పక్కన ద్రాక్షరసంలో సోడా కలిపిన షోర్ల, అర లీటరు గ్లాసులో. ఉప్పు తగిలిన నాలుకకి అది చల్లగా దిగుతుంటే కాళ్ళ నొప్పి సగం పోయింది. తూర్పు గోడ దగ్గర నిలబడితే రైన్ మైదానం అంతా పరుచుకుని, అవతల బ్లాక్ ఫారెస్ట్ కొండలు నీలంగా కనిపిస్తాయి. పడమర వైపు చూస్తే పొద్దున దాటొచ్చిన కొండలు. "అక్కడినుంచా మనం వచ్చింది!" అని మా చెల్లెలు ఇంట్లోవాళ్ళకి వీడియో కాల్ చేసి, వేలితో చూపించి మరీ చెప్పింది. వాళ్ళమ్మ మాత్రం "చీకటి పడకముందే దిగండమ్మా" అంది.

అయిదోది నోయ్‌కాస్టెల్, లైన్స్‌వైలర్ పైన. ఇదీ ట్రిఫెల్స్‌ని కాచిన కోటే, ఇప్పుడు బండ, దానిలో తొలిచిన గదులు, మెట్లు మిగిలాయి. అనెబోస్ చూసి వచ్చినవాళ్ళకి ఇక్కడి గుంటలూ గాళ్ళూ చదవడం తేలిక. దాని కింద ఉన్న ఇల్లు చిత్రకారుడు మాక్స్ స్లెఫోక్ట్‌ది. జర్మన్ ఇంప్రెషనిస్టుల్లో (మారే వెలుగుని పట్టి గీసే చిత్రకారుల్లో) పెద్దపేరు, 1932లో ఇక్కడే చనిపోయాడు. ఆ ఇంటి గోడల మీద సంగీత నాటకాల దృశ్యాలు తన చేత్తోనే వేసుకున్నాడు. మేం ఇంటిని బయటినుంచే చూశాం. కానీ ఆయన చిత్రాల్లో ఈ ద్రాక్షతోటల మీద పడే వెలుగు ఎందుకలా ఉంటుందో, సాయంత్రం నాలుగింటికి ఆ వాలులో నిలబడితే తెలిసింది: పసుపుపచ్చ ఆకుల కింద నేల ఎర్రగా ఉంటుంది, ఆ ఎరుపు కింది నుంచి ఆకులకి ఎక్కుతుంది.

లైన్స్‌వైలర్ దాకా దిగాక అడవి అయిపోతుంది. అక్కడినుంచి రాన్ష్‌బాఖ్ మీదుగా బిర్క్‌వైలర్ దాకా అంతా ద్రాక్షతోటల మధ్య సిమెంటు బాట. కొన్ని వరసల్లో ఇంకా కోత జరగలేదు, అడగకుండా పండు తుంచకూడదు. బిర్క్‌వైలర్ పైనున్న కాస్టానీన్‌బుష్ వాలు రీస్లింగ్ ద్రాక్షకి పేరుమోసింది. స్టేషన్ ఊరికి కాస్త దూరంగా ఉంటుంది, చిన్న ప్లాట్‌ఫారం, టికెట్ మెషీన్, ఒక బెంచీ. రైళ్ళు గంటకొకటి కాబట్టి, లైన్స్‌వైలర్ దగ్గరే టైము చూసుకుని అడుగులు వేయడం మంచిది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. ఓపిక తక్కువైతే మాడెన్‌బుర్గ్ దగ్గర ఆపేసి ఎష్‌బాఖ్‌కి దిగి లాండౌ బస్సు ఎక్కొచ్చు, నాలుగు కోటలు చూసినట్టే. ఇంకా తక్కువ నడవాలంటే మొదటి మూడు చూసి ఆన్‌వైలర్‌కే తిరిగి దిగండి, పిల్లలున్నవాళ్ళకి అది బావుంటుంది. ఏదేమైనా మొదలుపెట్టడం మాత్రం ఆన్‌వైలర్ నుంచే. బిర్క్‌వైలర్ వైపునుంచి వస్తే పెద్ద ఎక్కుడంతా చివర్లో పడుతుంది, ట్రిఫెల్స్ చేరేసరికి టికెట్ కిటికీ మూసేసి ఉండొచ్చు. ఇంకొకటి, శీతాకాలంలో ట్రిఫెల్స్ లోపలికి కొన్ని నెలలు అనుమతి ఉండదు, ముందే చూసుకుని బయల్దేరండి. అనెబోస్‌కి మాత్రం ఏ కాలంలోనైనా వెళ్ళొచ్చు. తడిగా ఉన్న రోజు ఆ రాతిమెట్లు జారతాయి, గట్టి పట్టున్న బూట్లు వేసుకోండి.